మూడో వంతు

ఈ ఊరి పేరే సిత్ర.
మా దిక్కు సిత్రమంటె బొమ్మ, సిత్రమంటె వింత.
సిత్రల కూసోని సిత్రం అతుకుతున్న అంటె
మొఫిజుల్‌కు నవ్వు రాలె.
తెలుగు రాదు గద.

వచ్చే నెల క్యాంపు కూలగొడ్తరట.
ఎనిమిది మంచాల అర్ర, పదకొండేండ్లున్న.
ఒక్క ఫోటోల పట్టది. గోడకు వీపు ఆనిచ్చినా
ఇటు ఏసీ తెగుతది, అటు తలుపు తెగుతది.
అందుకని తొమ్మిది ముక్కలు తీసిన.

అతికే సాఫ్ట్‌వేర్ సాజన్ ఎక్కించి ఇచ్చిండు
తన పాత ల్యాప్‌టాప్‌ల. రెండు మీటలు ఊడిపోయినయి దానికి.
పైసలు అడగలె, పేరు అడగలె,
సీపీఆర్ కార్డు నంబరు అడగలె.
ఉత్తగ వచ్చింది కాబట్టి
పని చెయ్యదేమో అనుకున్న.

మొదటిసారి అతికితే
మంచాలు పడవలైనయి.
తలుపు కొడవలి లెక్క వంగింది.
రాజలింగానికి మూడు మోచేతులు.

టైల్స్ మేస్త్రిని నేను.
మూడు మిల్లీమీటర్ల సందును
ఇరవై మీటర్లు చెదరకుంట తీస్కపోత.
గీ వంకర నాదేనా అని సిగ్గయింది.

అప్పుడు తెరిచిన, దాంతోనే వచ్చిన సాయం పుస్తకాన్ని.
ఇంగ్లీషు. మాటమాటకు ఫోన్‌ల అర్థం ఎతుక్కుంట
శుక్రవారం మొత్తం ఒడిసింది.
ఎవరు రాసిండ్రో, ఎవరు జీతమిచ్చిండ్రో.
"మొదటి బొమ్మ వంగితే కంగారు పడకండి, అందరికీ వంగుతుంది"
అని ముందుగాలనే ఉన్నది.
మా ఫోర్‌మన్ నోట్లె ఎన్నడన్న
గీ మాట వచ్చిందా?

నువ్వు నిలవడి చెయ్యి తిప్పుడు కాదట.
కంటిని కదలనియ్యకుంట
దాని చుట్టు నువ్వే తిరగాలెనట.
దారానికి బరువు కట్టి వేలాడదీయమన్నది.
ఫోనుకు నా తూకం గుండు కట్టిన,
మొన కింద ఒక్కటే టైలు మూల.
రాసినాయన కూడ మేస్త్రే అయ్యుండాలె.

ఉత్త గోడ మీద గుర్తులు దొరకవట.
ఒక్క తీరుగున్న వాటిని, మంచాల కమ్మీల అసోంటి వాటిని,
ఒకదాన్ని జూసి ఇంకోటి అనుకుంటదట.
(సూపర్‌వైజర్ సుత గంతే, మమ్మల్ని జూసి.)
గుర్తులు చేత్తోని పెట్టాలె అప్పుడు:
మాడిపోయిన స్విచ్చు,
అంగి తగిలేసే మొల,
పెన్సిలుతోని గోడ మీద ఎవరో తీసేసిన లెక్క,
120 ల నుంచి 85.

అన్ని కలిసినయి.
ఆరో ముక్క, ఏడో ముక్క మాత్రం కలవలె.

"రెండు ఫోటోలలో మూడో వంతైనా ఒకటే ఉండాలి.
లేకపోతే ఏదీ కలపలేదు."

ఆ రెండు ముక్కల నడుమనే మా మంచం,
నాదీ ముత్తన్నదీ.
నేను నాలుగింటికి లేచి బస్సెక్కుత.
ఆయిల్ ట్యాంకుల కాడ రాత్రి డ్యూటీ దిగి
ఆయన అయిదింటికి వస్తడు.
ఆరేండ్లాయె.
మాట్లాడుకున్నయి అన్ని కూడబెడితే ఒక్క పూట కాదు.
ఆయన తలనూనె వాసన నాకెరుక,
గురక ఎట్లుంటదో ఎరుక లేదు.
ఆరో ముక్కల నా దుప్పటి ఉన్నది,
ఏడో ముక్కల ఆయన చెప్పులున్నయి.
మూడో వంతు ఏడికెల్లి తేవాలె?

ఫోన్ చేసిన. "ముత్తన్నా, వచ్చే శుక్కురారం
పండుకోకు, జర కూసో."
"పానం మంచిగున్నదా నీకు?" అన్నడు.

వచ్చి కూసున్నడు.
గుండు కట్టి, మంచం దిక్కు తిరిగి
ఒకటి తీసిన, జరంత తిప్పి ఇంకోటి.
కదలకు అంటె ఆయనకు కాదు గద.

కదిలిన మనిషిని దయ్యం అంటదట పుస్తకం.
దయ్యాల్ని తుడిచే తరీఖ ఆఖరు పేజీల ఉన్నది.
రెండుసార్లు సదివిన. అర్థమైంది.
తుడువలె.

తలుపు ఇప్పుడు నిట్టనిలువుగ ఉన్నది.
మంచం మీద ఇద్దరు ముత్తన్నలు,
ఒకాయన చాయ్ తాగుతుండు,
ఒకాయన నా దుప్పటి మడత పెడుతుండు.